స్ట్రిప్ ముందు పని ఎవరు చేస్తారు?

ఏజెన్సీలో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగే వంశపారంపర్య జబ్బు) పరీక్షల మాట మళ్లీ వచ్చింది. వచ్చినప్పుడల్లా విశాఖలో వినిపించే ప్రశ్న ఒకటే: రక్తం కొండ దిగడమెందుకు, క్రిస్పర్ కిట్టే కొండెక్కొచ్చుగా?

డీఎన్ఏలో కావాల్సిన చోటును వెతికిపట్టే పనిముట్టు క్రిస్పర్. అది ఎలా పుట్టిందో, నోబెల్ ఎవరికి వచ్చిందో తెలిసిందే. ఈ తగవుకి మూలం మాత్రం 2020లో ఉంది.

ఢిల్లీలోని జన్యు పరిశోధన సంస్థ ఐజీఐబీలో దేబోజ్యోతి చక్రబర్తి, సౌవిక్ మైతి బృందం అప్పటికే సికిల్ సెల్ మీద పనిచేస్తోంది. హిమోగ్లోబిన్ తయారీకి కావాల్సిన బీటా గ్లోబిన్ జన్యువులో ‘ఎ’ అనే డీఎన్ఏ అక్షరం ఉండాల్సిన చోట టి పడటమే ఆ జబ్బు. క్రిస్పర్‌లో వెతికే పని చేసేది క్యాస్9 ఎంజైమ్; వాళ్లు ఎంచుకున్న దాని రకం ఎఫ్ఎన్‌క్యాస్9 ఆ ఒక్క అక్షరం తేడానూ గుర్తుపడుతుంది. ఇంతలో కోవిడ్ వచ్చి పనిముట్టు వైరస్ వైపు తిరిగింది. టాటా గ్రూపుతో కలిసి తెచ్చిన ‘ఫెలూదా’ కోవిడ్ టెస్టుకు ఆ సెప్టెంబర్‌లోనే కేంద్ర ఔషధ నియంత్రణాధికారి (డీసీజీఐ) అనుమతి దొరికింది.

టీవీల్లో చూపించింది పేపర్ స్ట్రిప్‌ని, ప్రెగ్నెన్సీ టెస్టులా గీతలతో. దాని ముందు పని ఎవరూ చూపించలేదు. శాంపిల్ నుంచి వైరస్ జన్యు పదార్థం ఆర్ఎన్ఏ తీయాలి, పీసీఆర్ యంత్రంలో లెక్కలేనన్ని కాపీలు చేయాలి, ఆ తర్వాతే స్ట్రిప్. ఖరీదైన రియల్ టైమ్ యంత్రం తప్పింది గానీ మామూలు పీసీఆర్ యంత్రం తప్పలేదు. కరెంటూ తప్పలేదు, చేయి తిరిగిన టెక్నీషియనూ తప్పలేదు. ‘కిట్టు పంపితే చాలు’ అన్న మాట ఆ గీతల దగ్గరే పుట్టిందని నా అనుమానం.

కిట్టు కావాలనేవాళ్ల మాటలో బలం లేకపోలేదు. పసిబిడ్డ రక్తంలో పిండదశ హిమోగ్లోబినే ఎక్కువ కాబట్టి మొదటి ఆరు నెలలు రక్తాన్ని ద్రావణంలో కలిపి చూసే చౌకైన సాల్యుబిలిటీ టెస్టును నమ్మలేం. డీఎన్ఏ పుట్టిన రోజే చెప్పేస్తుంది. అయితే 2023లో మొదలైన జాతీయ మిషన్ లెక్క 40 ఏళ్ల లోపు 7 కోట్ల మంది. అందులో పసివాళ్లు ఎందరు? మిగతావాళ్లకు ఆ చౌక టెస్టుతో వడపోసి, పాజిటివ్ వస్తే హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే ల్యాబు పరీక్ష హెచ్‌పీఎల్‌సీకి పంపితే సరిపోతుంది.

కాపీలు చేయకుండా చదివే దారీ ఉంది. 2019లో అమెరికాలో గ్రాఫీన్ అనే పలుచని కార్బన్ పొర మీద క్యాస్9 అతికించి చిప్ చేశారు. వెతికే డీఎన్ఏ దొరికితే చిప్‌లో పారే కరెంటు మారుతుంది. 2021లో ఆ దారిలోనే సికిల్ సెల్ అక్షరాన్నీ పట్టారు. బయోసెన్సర్ అంటే ఇదీ. కిట్లు తయారుచేసే మెడ్‌టెక్ జోన్ మన ఊళ్లోనే ఉంది, రేపు చిప్పులూ చేయొచ్చు. కానీ చిప్పుకైనా ముందు రక్తం నుంచి డీఎన్ఏ తీసివ్వాలి. ఏజెన్సీలోని పాడేరులో ఆ పని ఎవరు చేస్తారో కిట్టు అడిగేవాళ్లు ఇంకా చెప్పలేదు.