పొలం ఎవరికి? వలస కాలపు అమెరికాలో భూమి పంపకాల కథ

అమెరికాలో రైతుల సగటు వయసు ఇప్పుడు 58 ఏళ్లు దాటింది. 2022 వ్యవసాయ గణన చెప్పిన లెక్క ఇది. అందుకే అక్కడి రైతు కుటుంబాల్లో 'తర్వాత ఈ పొలం ఎవరిది?' అన్న టెన్షన్ ఎక్కువైంది. అందరికీ పంచితే ఎవరికీ గిట్టదు, ఒక్కరికే ఇస్తే మిగతావాళ్లకు అన్యాయం. ఈ చిక్కు ఆ దేశం కంటే పాతది. ఇంకా బ్రిటిష్ వలసలుగా ఉన్న రోజుల్లోనే దీనిమీద చట్టాలు వచ్చాయి, అన్నాచెల్లెళ్ల తగువు లండన్ దాకా వెళ్లింది.

ఇంగ్లండ్ చట్టం ప్రకారం తండ్రి వీలునామా రాయకుండా పోతే భూమంతా పెద్దకొడుకుకే. వర్జీనియా, న్యూయార్క్, దక్షిణాది వలసలు అదే పాటించాయి. మసాచుసెట్స్‌లో స్థిరపడిన ప్యూరిటన్లు (కఠిన నియమాల ప్రొటెస్టెంట్ క్రైస్తవులు) మాత్రం బైబిల్లోని ద్వితీయోపదేశకాండాన్ని ఆధారం చేసుకుని, 1641లోనే పెద్దకొడుకుకు రెట్టింపు వాటా అని రాసుకున్నారు. అంటే నలుగురు పిల్లలుంటే ఆస్తిని ఐదు భాగాలు చేసి పెద్దవాడికి రెండు, మిగతావాళ్లకు ఒక్కొక్కటి. కనెక్టికట్, పెన్సిల్వేనియా కూడా ఇలాంటి దారే పట్టాయి.

ఆ తగువు కనెక్టికట్‌లో మొదలైంది. విన్‌త్రాప్ అనే పెద్ద కుటుంబంలో తండ్రి 1717లో వీలునామా లేకుండా చనిపోయాడు. భూమిలో చెల్లెలికి వాటా ఇవ్వనని కొడుకు జాన్ లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్‌కు, అంటే వలసల అప్పీళ్లు వినే రాజుగారి సలహామండలికి ఎక్కాడు. 1728లో కౌన్సిల్ అతని పక్షాన తీర్పిచ్చి, కనెక్టికట్ పంపకాల చట్టాన్నే కొట్టేసింది. అప్పటిదాకా ఆ చట్టం కింద భూములు పంచుకున్న, అమ్ముకున్న కుటుంబాల కాళ్ల కింద నేల కదిలింది. ఇలాంటి మరో కేసులో 1738లో మసాచుసెట్స్ చట్టం నిలబడ్డాక, తర్వాత 1745లో కనెక్టికట్ నుంచి వెళ్లిన అప్పీలును కౌన్సిల్ తోసిపుచ్చాక గానీ వాళ్లు ఊపిరి పీల్చుకోలేదు.

ఇదంతా వీలునామా లేని ఇళ్ల సంగతి. వీలునామా రాసినవాళ్లు చట్టంలోని లెక్కకు కట్టుబడలేదు. తర్వాత అమెరికా రెండో అధ్యక్షుడైన జాన్ ఆడమ్స్ ఇల్లే చూడండి. బ్రెయిన్‌ట్రీ ఊళ్లో తండ్రి రైతు, చలికాలంలో చెప్పులు కుట్టేవాడు. పెద్దకొడుకు జాన్‌ను హార్వర్డ్‌లో చదివించాడు. 1761లో తండ్రి చనిపోయాక చూస్తే, ఆ చదువు ఖర్చు జాన్ వాటాలో తరుగు పడింది. సొంత ఇల్లు, దాని చుట్టూ ఉన్న పొలం తమ్ముడు పీటర్‌కు వెళ్లాయి. జాన్‌కు పక్కనే ఉన్న చిన్న ఇల్లు, సుమారు 40 ఎకరాలు దక్కాయి. తాను పుట్టిన ఇంటిని జాన్ 1774లో తమ్ముడి దగ్గర డబ్బిచ్చి కొనుక్కున్నాడు.

నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే మనసును పట్టేసేది భార్యల వాటా. భర్త భూమిలో మూడో వంతు మీద వితంతువుకు బతికున్నంత కాలం అనుభవ హక్కు ఉండేది, అమ్ముకునే హక్కు కాదు. వీలునామాలు ఆ హక్కును గదుల లెక్కన కొలిచి రాశాయి: తూర్పు గది, వంటింట్లో పొయ్యి వాడుకునే వీలు, బావి దాకా నడిచే దారి, నేలమాళిగలో కొంత చోటు, ఏడాదికి ఇన్ని బుషెళ్ల (ధాన్యం కొలత) మొక్కజొన్న, చలికాలానికి కట్టెలు, ఒక ఆవుకు మేత. ఇవన్నీ ఇవ్వాల్సింది కొడుకు. మళ్లీ పెళ్లి చేసుకుంటే చాలాచోట్ల అవీ పోయేవి. ముప్పై ఏళ్లు తన చేతులతో నడిపిన ఇంట్లోనే ఆమె కాగితం రాసిచ్చినంత మేర తిరగాలి. తండ్రి ఇంత వివరంగా రాశాడంటే, రాయకపోతే కొడుకు ఇవ్వడేమోనన్న భయం ఉండబట్టే.

కూతుళ్లకు ఎక్కువగా భూమి కాకుండా పశువులు, మంచాలు, దుప్పట్లు, వంటపాత్రలు ఇచ్చి పంపేవాళ్లు. పెళ్లయ్యాక చట్టం ప్రకారం అవీ భర్త సొత్తే. న్యూయార్క్‌లో డచ్ కుటుంబాల తీరు వేరు. భార్యాభర్తలు కలిసి ఒకే వీలునామా రాసేవారు, కొడుకులకూ కూతుళ్లకూ సమంగా ఇచ్చేవారు. 1664లో ఇంగ్లీషువాళ్లు ఆ ప్రాంతాన్ని పట్టుకున్నాక ఆ ఆచారం మెల్లగా సన్నగిల్లింది.

కొడుకులకైనా భూమి తేలిగ్గా చేతికి రాలేదు. మసాచుసెట్స్‌లోని ఆండోవర్ ఊళ్లో తొలితరం తండ్రులు కొడుకులకు పొలం చూపించి, ఇల్లు కట్టుకోనిచ్చి, దస్తావేజు మాత్రం తమ దగ్గరే పెట్టుకున్నారు. పెళ్లయి పిల్లలున్నవాడు కూడా తండ్రి మాట దాటలేకపోయాడు. రాసిచ్చినా షరతులుండేవి, తల్లిదండ్రులను పోషించకపోతే భూమి వెనక్కి. మూడో తరానికి ఆ పట్టు సడలింది, ఎందుకంటే పంచడానికి భూమే మిగల్లేదు. ఒకరిద్దరు పొలం తీసుకుని మిగతావాళ్లకు డబ్బు కట్టారు. కొందరు చేతిపని నేర్చుకున్నారు, కొందరు న్యూ హాంప్‌షైర్ వైపు, పడమటి ప్రాంతాలకు కదిలారు. ఆ 'ఖాళీ' భూములు ఆదివాసీ జాతులవని ఏ వీలునామాలోనూ కనిపించదు.

దక్షిణాదిలో ఆస్తి అంటే మనుషులు కూడా. 1705 వర్జీనియా చట్టం బానిసలను వారసత్వం విషయంలో స్థిరాస్తి కింద లెక్కగట్టింది. 1743లో తండ్రి చనిపోయినప్పుడు 11 ఏళ్ల జార్జి వాషింగ్టన్‌కు ఒక పొలంతో పాటు పదిమంది బానిసలు వాటాగా వచ్చారు.

బ్రిటన్ నుంచి స్వాతంత్ర్యం తెచ్చిన అమెరికా విప్లవంతో పాత పద్ధతులు కూలాయి. భూమిని తరతరాలకూ అమ్మకుండా కట్టేసే ఏర్పాటును వర్జీనియా 1776లో, పెద్దకొడుకు హక్కును 1785లో అక్కడి నాయకుడు థామస్ జెఫర్సన్ చొరవతో తీసేసింది. మసాచుసెట్స్ 1789లో రెట్టింపు వాటాను రద్దు చేసింది. వీలునామా లేకపోతే ఇక కొడుకులకూ కూతుళ్లకూ సమాన వాటాలే. ఈ మార్పు ఫలం బానిసలకు అందలేదు. యజమాని పోయాక వాటాలు ఎక్కువయ్యేసరికి తల్లి ఒక వారసుడికి, బిడ్డ ఇంకొకరికి వెళ్లిన పంపకాలు వర్జీనియా కోర్టు రికార్డుల్లో ఉన్నాయి.