"ఎట్లుండాది?" అని అడిగితే

చిరంజీవులకు,

సెలవుల్లో కొత్త బొమ్మల సినిమా వస్తుంది. అమ్మకొక శక్తి, నాయనకొక శక్తి, పిల్లలకు తలా ఒకటి ఉండే కుటుంబం కథ. బయటికి రాగానే మెట్ల దగ్గర ఎవరో ఒకరు "ఎట్లుండాది?" అంటారు. మీరు "బాగుండాది" అంటారు. అంతటితో మాట తెగిపోతుంది. లోపల జనం ఎక్కడెక్కడో నవ్వినారు, ఒకచోట ఊపిరి బిగబట్టినారు, ఒక పాప భయపడి అమ్మ కొంగులో తల దూర్చింది. అదంతా ఆ ఒక్క మాటలో కొట్టుకుపోతుంది. పోకుండా పట్టుకోవడం ఎట్లనో రాస్తున్నాను, నిదానంగా చదవండి.

చీకట్లో రాసుకోవడం కుదరదు. సెల్‌ఫోను తీస్తే వెనక వరుసవాళ్ళు తిడతారు, తిట్టాల్సిందే. దానికి చింతగింజలు చాలు. ఎడమ జేబులో ఇరవై గింజలు వేసుకోండి. హాలంతా ఒక్కసారిగా నవ్వినప్పుడు ఒక గింజ కుడి జేబులోకి మార్చండి. మీరొక్కరే నవ్వితే మార్చొద్దు, అది మీ లెక్క, హాలు లెక్క కాదు. గింజల బదులు శనక్కాయలు (కర్నూలు పిల్లలకు బుడ్డలు) పెట్టుకుంటే లెక్క కడుపులోకి పోతుంది. ఇంటర్వెల్‌లో కుడి జేబు లెక్కపెట్టి, ఆ అంకెనూ అన్నిటికంటే పెద్ద నవ్వు ఏ చోట వచ్చిందో దాన్నీ టికెట్టు వెనకాల రాసుకోండి. గింజలన్నీ మళ్ళీ ఎడమ జేబులో వేసుకుని రెండో సగం మొదలుపెట్టండి.

నవ్వు లేనంత మాత్రాన సినిమా తప్పినట్టు కాదు. హాలు గమ్మునుండటంలో రెండు రకాలున్నాయి. కుర్చీ కిర్రుమనకుండా, బొరుగుల పొట్లం చప్పుడు కూడా ఆగిపోయి గమ్మునుంటే సన్నివేశం పట్టిందని అర్థం. అక్కడక్కడ ఫోన్ల వెలుగు మిణుకుమంటూ, కాళ్ళు కదులుతూ గమ్మునుంటే కథ చేయి జారింది. ఒక్కసారి తల తిప్పి చూస్తే తేడా తెలిసిపోతుంది.

ఇక ఎవరు దేనికి నవ్వుతారనే సంగతి. ఇట్లాంటి సినిమాలకు పెద్ద ఉదాహరణ, అమెరికాలో బొమ్మల సినిమాలు తీసే పిక్సార్ వాళ్ళ 'ఇన్‌క్రెడిబుల్స్'. మొదటిది 2004లో, రెండోది 2018లో వచ్చినాయి, రెంటికీ దర్శకుడు బ్రాడ్ బర్డ్. అందులో శక్తులు ఊరికే పంచిపెట్టినవి కావు. ఇంటి బరువు మోసే నాయనకు బలం. పది పనులు పది దిక్కులకు లాగే అమ్మకు సాగే ఒళ్ళు. నలుగురిలో కనపడటానికే సిగ్గుపడే ఆడపిల్లకు మాయమైపోయే శక్తి. కుదురులేని పిల్లోడికి వేగం. పెద్దయితే ఏమవుతాడో ఎవరికీ తెలియని చంటోడికి ఏ శక్తి బయటపడుతుందో కూడా తెలియదు. అందుకే ఒకే తెర ముందు కూర్చున్నా తలా ఒక సినిమా చూస్తారు. రెండో భాగంలో నాయన రాత్రంతా కూర్చుని కొడుకు లెక్కల పుస్తకంతో కుస్తీ పడతాడు. చిన్నపిల్లలకు అక్కడ పెద్దగా ఏమీ లేదు, నవ్వేది ఇంట్లో హోంవర్కు చేయించే తల్లిదండ్రులు. చంటోడు పెరట్లో రకూన్ అనే జంతువుతో కొట్లాడే చోటికి వస్తే పిల్లలు కుర్చీల్లో నిలబడతారు.

ఆ రెండు భాగాల మధ్య 14 ఏళ్ళు. కథలో మాత్రం మొదటిది ఆగినచోటే రెండోది మొదలవుతుంది, చంటోడు చంటోడే. 2004లో ఎనిమిదేళ్ళ పిల్ల 2018కి 22 ఏళ్ళ మనిషి. ఆమె పాత బొమ్మను వెతుక్కుంటూ వచ్చింది, పక్కన ఎనిమిదేళ్ళ పిల్లోడు కొత్త బొమ్మ చూడటానికి వచ్చినాడు. రెండో భాగానికి అమెరికా, కెనడాల్లో మొదటి మూడు రోజుల్లోనే 18 కోట్ల డాలర్లకు పైగా వచ్చినాయంటే అందులో సగం ఈ ఎదురుచూపేనని నా లెక్క. అక్కడ సినిమాస్కోర్ అనే సంస్థ మొదటిరోజు హాలుకు వచ్చినవాళ్ళకే కార్డులిచ్చి మార్కులు వేయిస్తుంది. ఈ సినిమాకు ఏ ప్లస్ వచ్చింది. మొదటిరోజు పోయేవాళ్ళు ముందే ఇష్టపడి పోతారు కదా, ఆకలి రుచెరుగదు. ఆ మార్కు చూసేటప్పుడు ఇది కూడా గుర్తుపెట్టుకోండి.

ఊరు మారినా స్పందన మారుతుంది. ఆ సినిమాకు ముందు ఎనిమిది నిమిషాల 'బావో' అనే చిన్న సినిమా వేసినారు. (చూడనివాళ్ళు ఈ పేరా దాటేయండి.) ఒక చైనా తల్లి చేసిన పిండి ఉండకు ప్రాణం వస్తుంది, అది కొడుకులాగా పెరుగుతుంది, ఇల్లు విడిచి పోతానంటుంది. తల్లి గబుక్కున దాన్ని మింగేస్తుంది. పశ్చిమ దేశాల్లో కొందరు ఇదేం పిచ్చి అని నోరెళ్ళబెట్టినారు, ఆసియా ఇళ్ళవాళ్ళు చాలామంది ఏడ్చినారు. కొసరి కొసరి ముద్ద పెట్టే తల్లిని చూస్తూ పెరిగినవాళ్ళకు అది వింత కాదు. తప్పు ఎవరిదీ కాదు, పెరిగిన వంటిల్లు వేరు.

ఇప్పుడు కాస్త లోతుకు పోదాం. తోలుబొమ్మలాటలో తెర వెనక ఆడించేవాళ్ళకు మన నవ్వు వినపడుతుంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఈ విద్య ఇంకా బతికుంది, అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. నవ్వించే బొమ్మలు కేతిగాడూ బంగారక్కా వాదులాడుకుంటున్నప్పుడు జనం పగలబడి నవ్వితే ఆ వాదులాటను ఇంకో నాలుగు మాటలు పెంచవచ్చు, జనం ఆవలిస్తే తుంచి రాముణ్ణి తేవచ్చు. సినిమాకు చెవుల్లేవు. మనం ఎక్కడ ఎంతసేపు నవ్వుతామో ముందే ఊహించి అక్కడ ఖాళీ వదలాలి. సెకనుకు 24 బొమ్మలు. మూడు సెకన్ల నవ్వుకు చోటివ్వాలంటే 72 బొమ్మల పాటు ముఖ్యమైన మాటేదీ రాకూడదు. ఖాళీ తక్కువైతే తర్వాతి మాట నవ్వులో మునిగిపోతుంది. ఎక్కువైతే, పదిమంది కూడా లేని ఉదయం ఆటలో అదే చోటు "సాగదీసినారు" అనిపిస్తుంది. ఆదివారం నిండు హాల్లో చూసినవాడూ, ఇంట్లో ఫోన్లో చూసినవాడూ ఒకే సినిమా మీద కొట్లాడుకోవడానికి సగం కారణం ఇదే.

తెలుగు మాటలతో చూస్తే ఇంకో చిక్కు. ప, బ, మ పలకాలంటే పెదాలు మూసుకోవాలి, అద్దం ముందు పలికి చూడండి. ఇంగ్లీషు పిల్లోడు "మామ్" అన్నప్పుడు బొమ్మ పెదాలు మొదట మూసుకుని ఉంటాయి. మనం "అమ్మా" అంటే నోరు తెరుచుకుని, నడుమ మూసుకుంటుంది. ముఖం తెరనిండా ఉంటే ఈ తేడా కంట్లో నలుసులాగా గుచ్చుకుంటుంది, వీపు తిప్పి ఉంటే ఏమన్నా చెల్లుతుంది. పైగా మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. బొమ్మ కనుబొమలు ఎగరేసి అయిపోయినాక జోకు చెవిన పడుతుంది, నవ్వు చల్లారిపోతుంది. అనువాదం రాసినవాళ్ళను తిట్టేముందు పెదాలు చూడండి.

ఇంటర్వెల్ సంగతి ఒక్క మాట. హాలీవుడ్ వాళ్ళు విశ్రాంతి అనుకుని కథ రాయరు. మన హాళ్ళలో నడుమ ఎక్కడో ఆపుతారు, బిగువు తెగుతుంది. రెండో సగం మొదట్లో నవ్వు పడకపోతే తప్పు సినిమాది కాకపోవచ్చు.

జాగ్రత్తగా వినాల్సింది వెలుగుల గురించి. 1997 డిసెంబరు 16న జపాన్ టీవీలో ఒక కార్టూన్ నడుస్తుండగా ఎర్ర, నీలి వెలుగులు సెకనుకు 12 సార్లు మెరిసినాయి. 600 మందికి పైగా పిల్లలను ఆసుపత్రులకు మోసుకుపోయినారు. 2018లో 'ఇన్‌క్రెడిబుల్స్ 2'లో కూడా చీకట్లో తెల్లటి వెలుగులు టపటపా కొట్టే చోట్లున్నాయని అమెరికా హాళ్ళలో హెచ్చరిక కాగితాలు అంటించినారు. మూర్ఛ వచ్చే పిల్లలు మీతో ఉంటే ముందే పెద్దవాళ్ళకు చెప్పండి. వెలుగులు మొదలైతే కళ్ళు మూసుకుంటే చాలదు, రెప్పల గుండా వెలుగు పోతుంది. ఒక కన్నును అరచేత్తో పూర్తిగా కప్పుకుని, తల పక్కకు తిప్పాలి. పోస్టరు మీద సెన్సారు వాళ్ళిచ్చే యూఏ గుర్తు ఉంటే దాని పక్కన 7, 13, 16లో ఏదో ఒక అంకె ఉంటుంది, 2024లో అట్ల మూడుగా విడదీసినారు. వయసుకు తగిందో లేదో ఇంట్లోవాళ్ళు చూసుకోవడానికే ఆ అంకె, వెలుగుల గురించి దాన్ని నమ్ముకోవద్దు.

బయటికి వచ్చినాక ఇతరులను అడిగేటప్పుడు "బాగుందా?" అనొద్దు. మొహమాటానికి ఎవరైనా ఊఁ అంటారు. "ఏ చోట నవ్వు ఆపుకోలేకపోయినారు? ఎప్పుడు గడియారం చూసుకున్నారు? ఎవరి పక్కన కూర్చున్నారు?" ఈ మూడు అడగండి. అవ్వనొకరిని, అమ్మనొకరిని, హైస్కూలు అక్కనొకరిని, ఒకటో తరగతి పిల్లను తప్పకుండా అడగండి. చిన్నపిల్లను మెట్ల మీదనే అడగాలి, మర్నాటికి ఆ పిల్ల బడిలో విన్నమాటే చెప్తుంది.

జవాబు రాసేటప్పుడు ఏ వరుసలో కూర్చున్నారో, ఏ ఆటో, తెలుగో ఇంగ్లీషో, మొదటి సగంలో ఎన్ని గింజలో రెండో సగంలో ఎన్నో రాయండి. గింజలు పచ్చివే తీసుకుపోండి. వేయించినవైతే మీ సంగతి నాకు తెలుసు.

ఇట్లు,
మీ తాత,
అనంతపురం