ఒకే పేరు, ఇద్దరు వారసులు: మార్ బిరుదు తగువు కథ

స్కాట్లాండ్‌లో ‘ఎర్ల్ ఆఫ్ మార్’ (అంటే మార్ అనే ప్రాంతం పేరు మీద వంశపారంపర్యంగా వచ్చే ప్రభువు హోదా) బిరుదులు ఇప్పుడు రెండున్నాయి, రెండూ చట్టం ఒప్పుకున్నవే. ఒకటి మగవాళ్లకే వస్తుంది, రెండోది ఆడవాళ్లకీ దక్కుతుంది. తగువు 19వ శతాబ్దంలో ముదిరింది గానీ మొదలైంది మాత్రం 1404లో, అబర్డీన్‌షైర్‌లోని కిల్‌డ్రమ్మీ కోట దగ్గర.

అప్పట్లో మార్‌కి హక్కుదారు ఇజబెల్లా డగ్లస్. తల్లి నుంచి వచ్చిన హక్కు అది. భర్త బందీగా ఉండి చనిపోయాక, రాజవంశంలో పెళ్లికి బయట పుట్టిన అలెగ్జాండర్ స్టువర్ట్ కోటని పట్టుకుని, ఆగస్టులో ఆమె చేత పత్రం రాయించుకున్నాడు: తనని పెళ్లి చేసుకోవాలి, పిల్లలు పుట్టకపోతే మార్ తన వారసులకే పోవాలి. ఇది నిలవదని తెలిసిందో ఏమో, డిసెంబరులో కోట ముందు అందరూ చూస్తుండగా తాళాలు ఆమె చేతిలో పెట్టాడు, ఆమె ఇష్టపడే ఇతన్ని చేసుకుంటున్నానంది. ఎంత ఇష్టమో మనం ఊహించుకోవచ్చు. కానీ ఈసారి షరతు మారింది, పిల్లలు లేకపోతే మార్ ఆమె వైపు వారసులకే.

1435లో అలెగ్జాండర్ వారసుడు లేకుండా పోయాడు. ఇజబెల్లా వైపు బంధువైన రాబర్ట్ ఎర్స్‌కిన్ నాదన్నాడు, 1457లో రెండో జేమ్స్ రాజు దర్బారు కాదంది. ఆ తర్వాత వందేళ్లకు పైగా రాజులు దాన్ని తమ కొడుకులకీ అయినవాళ్లకీ పంచుకున్నారు. చివరికి 1565లో మేరీ రాణి జాన్ ఎర్స్‌కిన్‌ని ఎర్ల్‌ని చేసింది. పాతదాన్ని తిరిగిచ్చిందా, కొత్తది పుట్టించిందా? భూముల పత్రం ఉంది గానీ బిరుదు గురించిన పత్రం లేదు. గొడవంతా ఇక్కడే.

గద్దె దిగిన స్టువర్ట్ రాజవంశాన్ని మళ్లీ ఎక్కించాలని 1715లో జరిగిన తిరుగుబాటుకి నాయకత్వం వహించింది కూడా ఈ ఇంటివాడే, మాటిమాటికీ పార్టీ మారతాడని ‘బాబింగ్ జాన్’ అని ఎగతాళి చేసేవారు. దాంతో బిరుదు పోయింది, 1824లో మళ్లీ వచ్చింది.

1866లో అప్పటి ఎర్ల్ పిల్లలు లేకుండా చనిపోయాడు. ఒకవైపు మేనల్లుడు గుడీవ్, అంటే ఆడపడుచు కొడుకు. ఇంకోవైపు దాయాది, కెల్లీ అనే మరో చోటి ఎర్ల్ బిరుదున్న వాల్టర్ ఎర్స్‌కిన్. ఎస్టేటు దాయాది వైపే వెళ్లింది కాబట్టి మేనల్లుడు కొట్లాడింది ఉత్త పేరు కోసం. 1875లో లార్డ్స్ సభ (బ్రిటన్ పార్లమెంటు ఎగువసభ) కమిటీ, 1565 నాటిది కొత్త బిరుదేననీ, పత్రం లేదు కాబట్టి మగవారసులకే అనుకోవాలనీ చెప్పి కెల్లీ వాళ్లకిచ్చింది. లేని పత్రంలో మగవాళ్లే అని ఎలా చదివారో! స్కాట్లాండ్‌లో చాలామందికి ఇది మింగుడుపడలేదు, 1885లో పార్లమెంటు ఏకంగా చట్టమే చేసి పాత బిరుదు కూడా బతికే ఉందని, అది గుడీవ్‌దేనని తేల్చింది. ఉన్న తీర్పుని మాత్రం రద్దు చేయలేదు. ఇరువైపులా ఎవర్నీ నొప్పించకుండా తప్పించుకున్నారనే నాకనిపిస్తుంది.

అలా పాత బిరుదు మార్గరెట్ ఆఫ్ మార్ దాకా వచ్చింది. 1999లో వంశపారంపర్య సభ్యుల్లో ఎక్కువమందిని లార్డ్స్ సభ నుంచి పంపేసినప్పుడు ఆమె ఎన్నికై నిలబడింది, 2020లో తనంతట తనే తప్పుకుంది. 1565 నాటి బిరుదున్న మార్ ఎర్ల్ మాత్రం 1999లో సీటు పోగొట్టుకున్నాడు, మరుసటి ఏడాది వేరే పేరుతో జీవితకాల సభ్యుడిగా అదే సభలోకి వచ్చాడు.