బోరు మోటారు గాలి మింగితే లోపల ఏం జరుగుద్ది

బోరు కింద పొలం ఉన్నోళ్లకి ఈ సీన్ చెప్పక్కర్లేదు, ఎండాకాలం పైపు నిండా నీళ్లు పోస్తూ పోస్తూ ఒక్కసారి బుస్సుమని గాలి, మళ్లీ నీళ్లు, మళ్లీ గాలి, "బోరు గ్యాప్ ఇస్తోంది" అంటాం. ఒక్కోసారి మోటారు తిరుగుతానే ఉంటది, చుక్క రాదు. నీళ్లు అయిపోయాయేమో అనుకుంటాం గానీ, కొన్నిసార్లు నీళ్లు ఉన్నా పంపు లోపల గాలి అడ్డంగా కూర్చుని ఉంటది.

పంపు లోపలి రెక్కల చక్రం, అదే ఇంపెల్లర్, గిర్రున తిరుగుతూ నీళ్లని బయటి అంచుకి విసురుతుంది, ఆ విసురే ప్రెషర్‌గా మారుతుంది. గాలి నీళ్ల కంటే దాదాపు 800 రెట్లు తేలిక, దాన్నెంత విసిరినా ప్రెషర్ పుట్టదు. పైగా అంచు దగ్గర ప్రెషర్ ఎక్కువ, మధ్యలో తక్కువ, అందుకని బుడగలు నీళ్లతో పాటు బయటికి పోకుండా మధ్యకే జరుగుతాయి, క్రీమ్ తీసే మెషిన్లో మీగడ మధ్యకి చేరినట్టు. అవన్నీ ఒక్కటై పెద్ద గాలి తిత్తి అయితే నీళ్ల దారి మూసుకుపోద్ది. ఇలా విసిరి నడిచే మామూలు సెంట్రిఫ్యూగల్ పంపుకి వాల్యూమ్‌లో ఓ 5 శాతం గాలి కలిసినా చాలు, హెడ్, అంటే నీళ్లని ఎత్తగలిగే ఎత్తు, పడిపోవడం తెలుస్తుంది.

కానీ శాతం ఒక్కటే చూస్తే సరిపోదు, అదే గాలి ఒక పరిస్థితిలో పంపుని ఆపేస్తుంది, ఇంకో పరిస్థితిలో నీళ్లతో పాటు జారిపోద్ది. నీటి మట్టం దగ్గర 1 లీటరున్న గాలి 10 మీటర్ల లోతు నీళ్లలో సగానికి, 20 మీటర్లలో మూడో వంతుకి నలుగుతుంది, అంటే పంపు మీద నీళ్లెంత నిలబడితే అంత మంచిది. స్పీడు కూడా ముఖ్యమే, వేగంగా తిరిగితే బుడగలు చిన్నచిన్నగా పగులుతాయి, చిన్న బుడగని నీళ్లు సులువుగా ఈడ్చుకుపోతాయి.

ఇక వాల్వు సంగతి తమాషాగా ఉంటది. ఊట తక్కువున్న బోరుకి డెలివరీ వాల్వు కొంచెం కట్టేయమంటారు, మట్టం పడిపోకుండా అది కరెక్టే, కానీ గాలి ఆల్రెడీ లోపలికి వచ్చాక ఫ్లో తగ్గితే బుడగల్ని తోసే వేగం కూడా తగ్గుద్ది, పంపు ఇంకా తొందరగా లాక్ అవుద్ది, అంటే తిరుగుతున్నా నీళ్లు ఎత్తదు. అప్పుడు మోటారు ఆపి కాసేపాగడమే మేలు, పైపులో నీళ్లు కిందికి దిగితే గాలి కదిలే ఛాన్స్ ఉంది, కాకపోతే నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వు గట్టిగా ఉంటే ఆ నీళ్లు దిగవు.

ఆయిల్ బావుల్లో ఇదే గోల పెద్ద సైజులో. క్రూడ్‌లో, అంటే ముడి చమురులో, గ్యాస్ సోడాలో లాగా కరిగి ఉంటది, ప్రెషర్ తగ్గగానే పొంగుతుంది. టిఫ్లిస్‌లో (ఇప్పటి జార్జియా రాజధాని ట్బిలిసి) పుట్టి అమెరికా వెళ్లిన అర్మాయిస్ అరుట్యునాఫ్ 1920ల్లో మునిగి పనిచేసే ఈ సబ్‌మెర్సిబుల్ పంపుల్ని ఆయిల్ బావుల్లోకి దింపినాయన. గ్యాస్ ఎక్కువున్న బావుల్లో పంపు నోటి దగ్గరే సెపరేటర్ పెట్టి గ్యాస్‌ని పక్కకి పంపేస్తారు.

గ్యాస్ మరీ ఎక్కువైతే ట్విన్ స్క్రూ పంపు వాడతారు, ఇది విసరదు, రెండు స్క్రూల సందుల్లో సరుకుని బంధించి మోసుకెళ్తుంది, 90 శాతం గ్యాస్ ఉన్నా లాగుతుంది. స్క్రూలకీ కేసింగ్‌కీ (పంపు బయటి గుల్లకీ) మధ్య సన్నటి ఖాళీని ద్రవమే సీల్ చేస్తుంది. అవతల ప్రెషర్ పెరిగితే ఆ సందులోంచి వెనక్కి లీకవడం పెరుగుద్ది, ద్రవం చిక్కగా ఉంటే తగ్గుద్ది, స్పీడు తగ్గిస్తే లీకు పెద్దగా తగ్గదు కానీ పంపయ్యేది తగ్గుద్ది కాబట్టి నష్టం ఎక్కువ. ఒట్టి గ్యాసే వస్తే వేడిని లాక్కెళ్లే ద్రవం ఉండదు, స్క్రూలు వ్యాకోచించి కేసింగ్‌కి రాసుకుంటాయి, అందుకే అవుట్‌లెట్ దగ్గర కొంచెం ద్రవం పట్టి ఉంచి మళ్లీ సక్షన్‌కే, అంటే పంపు లాక్కునే వైపుకే, తిప్పుతారు.