ఓటీపీ చెప్పలేదు కదా, డబ్బెలా పోతుంది? ఆధార్ వేలిముద్రల మీద అపోహలు, వాస్తవాలు

"ఓటీపీ ఎవరికీ చెప్పలేదండీ. ఏ లింకూ నొక్కలేదు. అసలు నా ఫోనుకి మెసేజే రాలేదు." వేలిముద్రతో డబ్బు పోయినవాళ్ల ఫిర్యాదులు ఎక్కువగా ఈ మూడు మాటలతోనే మొదలవుతాయి. బ్యాంకు కౌంటర్ అవతలి మనిషి నమ్మకపోవచ్చు కానీ, వాళ్లు చెప్పేది నిజం. ఓటీపీ చెప్పొద్దు, ఓటీపీ చెప్పొద్దు అని ఏళ్ల తరబడి అందరం చెప్పాం. మంచి మాటే. కానీ జనం మనసులో దాని పక్కనే ఇంకో మాట నాటుకుంది: ఓటీపీ చెప్పకపోతే డబ్బు పోదు. అది తప్పు. ఆధార్ గురించి తిరిగే అపోహలన్నిటిలోకీ మనుషులకు ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. అందుకే ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: ఓటీపీ, పిన్ నా దగ్గరే ఉన్నాయి కాబట్టి ఖాతా భద్రం.

వాస్తవం: ఏఈపీఎస్‌లో, అంటే బ్యాంక్ మిత్ర దగ్గరో మినీ బ్యాంక్ షాపులోనో వేలు పెట్టి డబ్బు తీసుకునే పద్ధతిలో, కావలసినవి మూడే: ఏ బ్యాంకో తెలియడం, ఆధార్ నంబరు, వేలిముద్ర. కార్డు అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు, ఓటీపీ అసలే అక్కర్లేదు. ఏజెంటు మిషన్‌ మీద పడిన ముద్ర అతని బ్యాంకు ద్వారా, బ్యాంకుల మధ్య లావాదేవీలు నడిపే ఎన్‌పీసీఐకి వెళ్తుంది. ఆధార్ సంస్థ యూఐడీఏఐ ఆ ముద్రను తన దగ్గరున్న దానితో పోల్చి "అవును" లేదా "కాదు" అంటుంది. అవునంటే మీ బ్యాంకు ఖాతాలోంచి డబ్బు తీసి ఇస్తుంది. ఈ దారిలో మీ ఫోను ఎక్కడా లేదు. ఒక లావాదేవీకి 10,000 రూపాయల దాకా తీయవచ్చు. రోజుకు, నెలకు ఎన్నిసార్లన్నది ఆయా బ్యాంకు పెట్టిన పరిమితి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: ఖాతాకు ఆధార్ జతచేసి ఉంటే, మీరు ప్రత్యేకంగా అడగకపోయినా ఈ సదుపాయం మామూలుగా తెరిచే ఉంటుంది.

మెసేజ్ ఎందుకు రాదు? ఆధార్‌లో ఉన్న మొబైల్ నంబరు వేరు, బ్యాంకులో ఉన్న నంబరు వేరు. ఒకచోట మారిస్తే రెండోచోట దానంతట అది మారదు. డబ్బు తీసిన కబురు వచ్చేది బ్యాంకులో ఉన్న నంబరుకే. పాత సిమ్ ఎప్పుడో పోయి, ఆ నంబరే బ్యాంకులో మిగిలిపోతే, పాస్‌బుక్ ప్రింట్ చేయించేదాకా ఏం జరిగిందో తెలియదు.

ముద్ర అవతలివాళ్లకు ఎలా దొరుకుతుందంటే, దారులు రెండు. ఒకటి, కాగితం మీద ఉన్న ముద్రను చూసి నకలు తయారుచేయడం. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి ఇంటర్నెట్‌లో దొరికే భూముల రిజిస్ట్రేషన్ పత్రాలు తీసుకుని, వాటి మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేసి, వేలకొద్దీ సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. అతని గొడవ సిమ్ అమ్మకాల టార్గెట్ల కోసం. కానీ దస్తావేజు మీద ఆధార్ నంబరు, బొటనవేలి ముద్ర పక్కపక్కనే ఉంటే ఏం చేయవచ్చో ఆ కేసుతో అందరికీ తెలిసింది. ఆ తర్వాత ఇదే పద్ధతితో బ్యాంకు ఖాతాల మీద పడ్డారు. ఇప్పటి మిషన్లు, యూఐడీఏఐ 2023లో తెచ్చిన తనిఖీ, వేలు ప్రాణమున్నదా నకిలీదా అని పసిగట్టడానికి ప్రయత్నిస్తాయి. నకిలీ ముద్రల పని మునుపటికంటే కష్టమైంది, కానీ అసాధ్యం కాలేదు.

రెండో దారికి రబ్బరూ అక్కర్లేదు. "అమ్మా, పడలేదు, ఇంకోసారి పెట్టు" అన్న ఒక్క మాట చాలు. మిషన్ ప్రతి వేలిముద్రనూ అప్పటికప్పుడు సమయం జోడించి రహస్య సంకేతంగా మార్చేస్తుంది, దాన్ని దాచుకుని మళ్లీ వాడటానికి వీల్లేకుండా. అందుకే మోసం చేసేవాడికి మీ వేలు రెండోసారి కావాలి. మొదటిసారి డబ్బు వచ్చేసినా "సర్వర్ డౌన్" అని, రెండోసారి వేలు పెట్టించి మీ చేతికి ఒక్కదాని డబ్బే ఇస్తాడు. లేదా బ్యాలెన్స్ చూస్తానని చెప్పి విత్‌డ్రాయల్ కొడతాడు. కూలి పని చేసి వేళ్లు అరిగిపోయిన పెద్దవాళ్లకు నిజంగానే ముద్రలు సరిగా పడవు, అందుకే వాళ్లకు అనుమానం రాదు. మీరు చేయాల్సింది ఇది: మొదటిసారి పడలేదంటే, ఫెయిల్ అయినట్టు ప్రింట్ చేసిన స్లిప్ అడగండి. మిషన్ తెర మీరు చూసేలా తిప్పమనండి. స్లిప్ ఇవ్వనంటే రెండోసారి వేలు పెట్టకండి, వేరే చోటికి వెళ్లండి. నిజంగానే ఫెయిలై ఖాతాలో డబ్బు మాత్రం కటయితే, 2019 నాటి ఆర్‌బీఐ నిబంధన ప్రకారం లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా తిరిగి పడాలి. దాటితే రోజుకు 100 రూపాయలు పరిహారం మీ హక్కు.

ఇక వేలిముద్రలు ఎవరూ వాడకుండా ఆధార్‌లోనే వేసుకునే తాళం సంగతి. యూఐడీఏఐ వెబ్‌సైట్ మైఆధార్‌లో గానీ ఆధార్ యాప్‌లో గానీ ఆధార్ నంబరుతో, ఓటీపీతో లాగిన్ అవ్వండి. "లాక్/అన్‌లాక్ బయోమెట్రిక్స్" తెరిచి ఒప్పుకుంటే సరి. స్మార్ట్‌ఫోను లేకపోతే ఆధార్‌లో ఉన్న నంబరు నుంచి ఆధార్ హెల్ప్‌లైన్ 1947కి ఎస్ఎంఎస్ పంపీ చేయవచ్చు. తాళం పడితే వేలిముద్రే కాదు, కనుపాప, ముఖం కూడా పనిచేయవు. ఎవరు ప్రయత్నించినా మిషన్ మీద 330 అనే ఎర్రర్ వస్తుంది. ఓటీపీతో జరిగే పనులు మాత్రం మామూలుగానే సాగుతాయి.

తాళం వేసి మరిచిపోవడం వల్ల వచ్చే ఇబ్బంది కూడా చెప్పాలి. రేషన్ షాపులో ఈపాస్ మిషన్, కొత్త సిమ్, రిజిస్ట్రార్ ఆఫీసు, ఆంధ్రలో ఒకటో తారీఖున ఇంటికొచ్చి ఇచ్చే పింఛను... వేలు పెట్టే ప్రతిచోటా తిరస్కరిస్తుంది. డీలరేమో "నీ ఆధార్ పనిచేయట్లేదు, అప్‌డేట్ చేయించుకో" అని పంపిస్తాడు. జనం భయపడి, పని మానుకుని, ఆధార్ సెంటర్ దగ్గర క్యూ కడతారు. ఆధార్‌కి ఏమీ కాలేదు. తాళం ఉంది, అంతే. అదే చోట నిలబడి తాత్కాలిక అన్‌లాక్ చేస్తే 10 నిమిషాలు తెరుచుకుని, తర్వాత దానంతట అదే పడుతుంది. కాబట్టి తాళం వేసే ముందు ఒక్కటి చూసుకోండి: ఓటీపీ వచ్చే ఫోను, వేలు పెట్టే మనిషి ఒకేచోట ఉంటారా? ఊళ్లో అమ్మ వేలు పెట్టాలి, ఓటీపీ హైదరాబాదులో కొడుకు ఫోనుకి వస్తుందంటే, కొడుకు ఫోను ఎత్తితేనే తలుపు తెరుచుకుంటుంది.

నెలనెలా పింఛనుకో రేషన్‌కో వేలు పెట్టక తప్పనివాళ్లకు ఇంకో ఏర్పాటు మేలు. ఏఈపీఎస్ ద్వారా డబ్బు తీయడాన్ని ఆపమని బ్యాంకును అడగండి. కొన్ని బ్యాంకుల యాప్‌లోనే ఆ వీలుంది, మిగతా చోట్ల శాఖలో కాగితం మీద రాసిచ్చి, స్టాంపు వేయించిన నకలు దగ్గర పెట్టుకోవాలి. పల్లెలో ఏటీఎం లేదు, బ్యాంక్ మిత్రే దిక్కు అంటారా, అయితే ఆ ఖాతాలో నెల ఖర్చుకు సరిపడా మాత్రమే ఉంచండి. పంట డబ్బులు, పొలం అమ్మిన డబ్బులు ఫిక్సెడ్ డిపాజిట్‌లోకో, ఆధార్ జతచేయని వేరే ఖాతాలోకో మార్చండి.

అపోహ: ముద్ర నాదే పడింది కాబట్టి నేనే తీసినట్టు. ఇక డబ్బు రాదు.

వాస్తవం: ఈ మాట చెప్పి కొందరు బాధితులను మొదటి రోజే వెనక్కి పంపేస్తారు. దయచేసి అక్కడితో ఆగిపోకండి. యూఐడీఏఐ చెప్పిన "అవును"కి అర్థం ముద్ర సరిపోయిందని, అంతే. అక్కడ నిలబడింది మీరని కాదు. 2017 జులై 6 నాటి ఆర్‌బీఐ సర్క్యులర్ ప్రకారం తప్పు ఖాతాదారుదే అని రుజువు చేయాల్సింది బ్యాంకు. మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మధ్యలో ఎక్కడో మోసం జరిగితే, బ్యాంకు కబురు అందిన 3 పని దినాల్లోపు బ్యాంకుకు చెప్పినవాళ్ల మీద నష్టం భారం సున్నా. 4 నుంచి 7 పని దినాల మధ్య చెబితే మామూలు సేవింగ్స్ ఖాతాకు 10,000, జీరో బ్యాలెన్స్ తరహా ప్రాథమిక ఖాతాకు 5,000 రూపాయలు మించి మీ మీద పడదు. చెప్పిన 10 పని దినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో వేయాలి, 90 రోజుల్లో తేల్చాలి.

అందుకే వరుస ముఖ్యం. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. అదే రోజు బ్యాంకులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి తేదీతో రసీదు తీసుకోండి. ఫిర్యాదులో "డబ్బు పోయింది" అని రాస్తే చాలదు. పాస్‌బుక్‌లో ఆ ఎంట్రీ పక్కనుండే 12 అంకెల ఆర్ఆర్ఎన్ (లావాదేవీ గుర్తింపు సంఖ్య), తేదీ, మొత్తం రాసి, "ఈ లావాదేవీ ఏ బ్యాంకు ఏజెంటు, ఏ టెర్మినల్ మీద జరిగిందో తెలపండి, ఎన్‌పీసీఐ ద్వారా వివాదం నమోదు చేయండి" అని అడగండి. ఏజెంటు వేరే బ్యాంకువాడైతే మీ శాఖ మేనేజరు "మాకు సంబంధం లేదు" అనవచ్చు. సంబంధం ఉంది, డబ్బు కట్ చేసింది మీ బ్యాంకే. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు, ఫీజు లేదు.

ఆ రాత్రే మైఆధార్‌లో "అథెంటికేషన్ హిస్టరీ" తెరవండి. గత 6 నెలల్లో ఏ రోజు, ఏ గంటకు, వేలిముద్రతోనా ఓటీపీతోనా, ఏ సంస్థ అడిగింది, సరిపోయిందా లేదా అన్నది 50 ఎంట్రీల దాకా కనిపిస్తుంది. స్క్రీన్‌షాట్ తీసి ఫిర్యాదుకు జతచేయండి. ఆ గంటలో మీరు పొలంలోనో ఆఫీసులోనో ఉన్నట్టు చూపించగలిగితే మీ మాటకు బలం. ఆలస్యం చేస్తే పాత ఎంట్రీలు కనిపించవు.

మిగతావి త్వరగా చూసేద్దాం.

"వేలిముద్రలు మళ్లీ అప్‌డేట్ చేయిస్తే పాత నకిలీ ముద్ర చెల్లదు." చెల్లుతుంది. అప్‌డేట్‌లో తీసేది అదే వేలి అవే గీతలు, కాస్త స్పష్టంగా. పాస్‌వర్డ్ మార్చినట్టు వేలు మార్చలేం. ఇందుకోసం 125 రూపాయలు కట్టి రోజంతా క్యూలో నిలబడకండి, తాళం వేయండి.

"నంబరు తెలిస్తే చాలు, ఖాతా ఖాళీ." ఒక్క నంబరుతో ఎవరూ రూపాయి తీయలేరు. అలాగని పంచిపెట్టాల్సిన పనీ లేదు. లాడ్జికో అద్దె ఇంటికో మొదటి 8 అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ చాలు. 2022 మే 27న జిరాక్సులు ఇవ్వొద్దంటూ ఆధార్ సంస్థ బెంగళూరు ఆఫీసు ప్రకటన ఇవ్వడం, రెండు రోజులకే దాన్ని వెనక్కి తీసుకోవడం జనాన్ని బాగా గందరగోళపెట్టింది. మాస్క్‌డ్ ఆధార్ అప్పుడూ చెల్లింది, ఇప్పుడూ చెల్లుతుంది. నంబరు బదులు 16 అంకెల వర్చువల్ ఐడీ కూడా ఇవ్వవచ్చు. కొత్తది తీసుకుంటే పాతది చెల్లదు.

"బ్యాంకు ఖాతాలన్నిటికీ ఆధార్ తప్పనిసరి." కాదు. 2018 సెప్టెంబరు 26 తీర్పులో సుప్రీంకోర్టు బ్యాంకు ఖాతాకు, సిమ్‌కు ఆధార్‌ను తప్పనిసరి చేయడాన్ని కొట్టేసింది. పాన్‌కు మాత్రం నిలిపింది. ప్రభుత్వ పథకాల డబ్బు పడటానికి ఒక్క ఖాతా చాలు. అది ఏ బ్యాంకో మైఆధార్‌లో "బ్యాంక్ సీడింగ్ స్టేటస్" చెబుతుంది. కానీ డబ్బు తీసేవాడు ఆ ఒక్కదానికే పరిమితం కాడు. మీ ఆధార్ ఎక్కి ఉన్న ఏ బ్యాంకు పేరైనా మిషన్‌లో ఎంచుకోవచ్చు. వాడని ఖాతాల్లో ఆధార్ తీసేయమని అడగడం మంచిది.

"మనం చేసే ప్రతి పనీ ఆధార్ వాళ్లకు తెలుస్తుంది." ఏ సంస్థ, ఎప్పుడు అడిగిందో తెలుస్తుంది. ఎందుకు అడిగిందో, ఎంత డబ్బో నమోదు కాదు. చట్టంలోని 29వ సెక్షన్ ప్రకారం వేలిముద్రలు, కనుపాపల వివరాలు ఎవరికీ ఏ కారణానికీ ఇవ్వకూడదు. అలాగని ఈ భయాన్ని తీసిపారేయలేం. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు చెప్పింది ఆధార్ కేసులోనే. ఏ సంస్థ ఎప్పుడు అడిగిందన్న ఆ నమోదులు 6 నెలలు మించి ఉంచకూడదన్నదీ 2018 తీర్పే. ఆందోళన పడి కోర్టుకెళ్లిన మనుషుల వల్లే ఈ రక్షణలు వచ్చాయి.

పైన చెప్పినవాటిలో ఏది చేయాలన్నా ఆధార్‌లో బతికున్న మొబైల్ నంబరు ఉండాలి. పాత నంబరు పోయి ఉంటే, అది ఈపాటికి ఇంకెవరికో కేటాయించి ఉండవచ్చు, మీ ఓటీపీలు వాళ్లకే వెళ్తాయి. నంబరు మార్పుకు కాగితాలేమీ అక్కర్లేదు. ఆధార్ సెంటర్‌కు మనిషి స్వయంగా వెళ్లి వేలు పెడితే సరి. ఫీజు 75 రూపాయలు, అంతకుమించి అడిగితే రసీదు మీద ఎంత రాసి ఉందో చూసి 1947కి చెప్పండి. అదే రసీదు మీది యూఆర్ఎన్ (అప్‌డేట్ రిక్వెస్ట్ నంబరు)తో మార్పు జరిగిందో లేదో తెలుసుకోవచ్చు. జరిగిన రోజే బ్యాంకుకు కూడా వెళ్లి అక్కడి నంబరు మార్పించి, ఇంటికొచ్చి తాళం వేసేయండి.