దవడల సర్జరీ: అపోహలు - వాస్తవాలు

నల్లగొండలోని నా ఓపీకి "మూడు నెలల్లో ముహూర్తం, ఆలోగా దవడ సరిచేయండి" అంటూ వచ్చే కుటుంబాలు తరచుగా కనిపిస్తాయి. వారి తొందరకు మూలం ఈ అపోహలే.

అపోహ: ముందుకు పెరిగిన కింది దవడను క్లిప్పులతోనే వెనక్కి లాగవచ్చు.

వాస్తవం: క్లిప్పులు పళ్ళను జరుపుతాయే గాని, ఎదుగుదల ముగిసిన ఎముకను జరపలేవు. తేడా ఎముకలో ఉందని ఎక్స్‌రే తేల్చాలి. అయితే అంతకుముందే, జొన్నరొట్టెను ముందు పళ్ళతో కొరకగలరా అని నేను అడుగుతాను. తుంచి దవడ పళ్ళ కిందికి తోసుకుంటామని, అందరూ అలాగే తింటారన్నట్టుగా జవాబిస్తారు.

అపోహ: క్లిప్పులు వేశాక ముఖం ఇంకా పాడైందంటే వైద్యం వికటించినట్టే.

వాస్తవం: ఇలాంటి దవడలో కింది పళ్ళు పై పళ్ళను అందుకోవడానికి ఏళ్ళ తరబడి లోపలికి ఒరిగిపోయి, అసలు తేడాను కొంత దాచిపెడతాయి. సర్జరీకి ముందు సుమారు ఏడాది నుంచి ఏడాదిన్నర పాటు క్లిప్పులతో వాటిని నిటారుగా నిలబెడతాం కనుక, దాగిన తేడా బయటపడి మూతి మరింత ముందుకు వచ్చినట్టు కనిపిస్తుంది. కొందరు తల్లిదండ్రులు సరిగ్గా ఈ దశలోనే మరో డాక్టరును వెతుక్కుంటారు. ఆ సంగతి మొదటి రోజే చెప్పకపోతే తప్పు మాదే.

అపోహ: ఫ్లోరైడ్ నీళ్ళే దవడను వంకర చేశాయి.

వాస్తవం: ఫ్లోరైడ్ పీడిత ప్రాంతమైన మర్రిగూడ వైపు నుంచి వచ్చేవారు ఇలా అనుకోవడం సహజమే. ఫ్లోరైడ్ పంటి పింగాణీని, ఒంట్లోని ఎముకలను, కీళ్ళను దెబ్బతీస్తుంది. దవడల పొందిక తప్పడానికి ఎక్కువగా వంశపారంపర్యం, ఎదుగుదల తీరు కారణాలు. కాకపోతే ఫ్లోరైడ్ వల్ల గారపట్టిన పంటి మీద క్లిప్పు అంత గట్టిగా అతుక్కోదు.

అపోహ: గ్రహణం మొర్రికి చిన్నప్పుడే కుట్లు వేశారు, ఇక దవడతో పని లేదు.

వాస్తవం: అంగిలి కూడా చీలి పుట్టిన కొందరిలో పైదవడ వెనకబడిపోతుంది, పెద్దయ్యాక దాన్ని ముందుకు తేవాల్సి వస్తుంది. గ్రహణానికీ మొర్రికీ సంబంధం లేదు, పేరు మాత్రం అలా నిలిచిపోయింది.

అపోహ: ముఖం మీద మచ్చ పడుతుంది, మూతి వంకర పోతుంది.

వాస్తవం: కోత దాదాపు అంతా నోటి లోపలి నుంచే ఉంటుంది. ఎముకను కొత్త స్థానంలో పట్టి ఉంచే టైటానియం ప్లేట్లను సాధారణంగా తీయనవసరం లేదు. మూతిని కదిలించే నరం వేరు. కింది దవడ ఎముక లోపలి కాలువలో సాగే నరం పెదవికి, గడ్డానికి స్పర్శనిస్తుంది. సర్జరీలో ఆ నరం ఒత్తిడికి గురైతే అక్కడ తిమ్మిరి వస్తుంది. అది చాలామందిలో కొన్ని నెలల్లో తగ్గుతుంది, కొందరిలో కొంత మిగిలిపోతుంది. సంతకం పెట్టించుకునే ముందు ఈ మాట దాచకూడదు.

ఆపరేషన్ తర్వాత సుమారు ఆరు వారాలు జావ, పలుచటి పప్పు, మెత్తగా పిసికిన మజ్జిగన్నమే పథ్యం. జొన్నరొట్టె ఎప్పుడన్నది ఆ తర్వాత ఎక్స్‌రే చూసి చెబుతాను.