క్లాంప్ వేశాక మెదడు గురించి కబురు చెప్పేదెవరు?

మెదడుకు రక్తం తీసుకెళ్లే కరోటిడ్ ధమని మెడలో ఉంటుంది. దానిలో పూడిక తీసే ఆపరేషన్ చేసేటప్పుడు మెదడును ఎలా కనిపెట్టి ఉండాలన్న పాత తగువు మళ్లీ రాజుకుంది. మెదడు విద్యుత్ తరంగాలను చూపే ఈఈజీ మానిటర్ తప్పనిసరి చేయాలని ఒక వర్గం, అక్కర్లేదని మరో వర్గం. 1950ల నాటి తొలి ఆపరేషన్ల కథ చాలాసార్లు చెప్పుకున్నదే. ఇవాళ్టి వాదన అర్థం కావాలంటే 2008కి వెళ్లాలి.

ఈ ఆపరేషన్‌లో రెండు రకాల మత్తును పోల్చిన గాలా ట్రయల్ ఫలితాలు ఆ ఏడాది లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. 24 దేశాల్లో 3,526 మంది రోగులు. కొందరికి పూర్తి మత్తు, మిగతావారికి మెలకువగా ఉంచి మెడకు మాత్రమే మత్తు. నెల రోజుల్లో పక్షవాతం, గుండెపోటు, మరణం అన్నీ కలిపి చూస్తే పూర్తి మత్తులో 4.8 శాతం, మెలకువలో 4.5 శాతం. రెండూ ఒకటేనని చాలామంది అక్కడితో చదవడం ఆపేశారు. అదే నివేదికలో ఇంకో లెక్క ఉంది. షంట్ అనే చిన్న గొట్టం వేసింది పూర్తి మత్తు ఇచ్చినవారిలో 43 శాతం మందికి, మెలకువగా ఉన్నవారిలో 14 శాతం మందికే.

ఈ తేడా చిన్నది కాదు. పూడిక తీసేందుకు ధమనికి రక్తం ఆపే క్లాంప్ వేసినంతసేపూ మెదడులో ఆ సగానికి రక్తం అవతలి వైపు నుంచి, వెనక నుంచి అందాలి. చాలామందికి అందుతుంది. అందనివారికి క్లాంప్‌ను దాటించి రక్తం పంపే చిన్న గొట్టమే షంట్. దాన్ని దూర్చేటప్పుడు పూడిక ముక్కో గాలి బుడగో మెదడుకు కొట్టుకుపోవచ్చు, ధమని లోపలి పొర చిరగవచ్చు. అవసరం లేనివారికి వేస్తే ఆ ముప్పు ఊరికే నెత్తికెత్తుకున్నట్టే.

మెలకువగా ఉన్న రోగి చేతిలో నొక్కితే కూసే రబ్బరు బొమ్మ పెడతారు. ఎడమ ధమని అయితే కుడి చేతిలో. క్లాంప్ పడ్డాక ‘నొక్కండి’ అంటారు. బొమ్మ కూసిందా, సర్జన్ పని సాగిస్తారు. పట్టు సడలినా, మాట తడబడినా షంట్ వేస్తారు. ఆ 43 శాతంలో అలవాటుగా అందరికీ షంట్ వేసే సర్జన్ల రోగులూ ఉన్నారు, నిజమే. కానీ నిద్రపోతున్న మెదడు మీద నమ్మకం కుదరకపోవడం వల్లనే కదా ఆ అలవాటు పుట్టింది!

ఈఈజీ పక్షానికీ బలముంది. రక్తప్రవాహం తగ్గడానికీ తరంగాలు మందగించడానికీ ఉన్న లంకెను మేయో క్లినిక్‌లో సండ్ట్ బృందం 1981లోనే చూపించింది. అయితే మత్తుమందు కూడా ఆ తరంగాలను మారుస్తుంది. పాత పక్షవాతం ఉన్నవారిలో అవి మొదటినుంచీ తేడాగానే ఉంటాయి.

పైగా ఈ ఆపరేషన్‌లో వచ్చే పక్షవాతాల్లో ఎక్కువ భాగం క్లాంప్ వల్ల కాదు, కొట్టుకుపోయిన ముక్కల వల్ల, గడ్డల వల్ల వస్తాయి. అవి వెళ్తుండగా పట్టుకోగలిగేది ట్రాన్స్‌క్రేనియల్ డాప్లర్, అంటే పుర్రె మీంచి శబ్ద తరంగాలతో మెదడు రక్తప్రవాహాన్ని చూసే యంత్రం. ఈఈజీకి తెలిసేది దెబ్బ తగిలాకే. మానిటర్ పెట్టడం వల్లనే పక్షవాతాలు తగ్గాయని తేల్చిన పెద్ద ట్రయల్ లేదు. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సమీక్షలు చెప్పిందీ ఆధారాలు చాలవనే.

మెడ పక్కకు తిప్పి గంటకు పైగా కదలకుండా పడుకోలేని రోగులుంటారు. భయంతో ఊపిరి ఆడనివారుంటారు. వారికి పూర్తి మత్తు ఇవ్వక తప్పదు, యంత్రమే దిక్కు. నిబంధన రాసేటట్లయితే ముందు వీళ్ల కోసం రాయాలి. ఇప్పుడు అడుగుతున్నది మాత్రం అందరికీ ఒకే నిబంధన.